చిక్కబళ్ళాపురము సీమలో తెలుగు చలనచిత్రము: డిస్కుపై బొమ్మ కొలతలు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలోనివి. ఆ యేట చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినవి. అచట పాలనభాష కన్నడము, పెక్కిండ్లలోని మాట తెలుగు. 18వ శతాబ్దమున జన్మించిన నారాయణ తాతయ్య తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడిన కైవారము చింతామణి తాలూకాలోనిదే. బడిలో కన్నడలిపి మాత్రమే నేర్చినవారికి తెలుగు పుస్తకము చేరువ గాదు. వారి కంటికిని చెవికిని తెలుగును పుష్కలముగా అందించినది చలనచిత్రము. కావున ఆ చిత్రములు ఇంటికి ఏ రూపమున వచ్చినవి, వచ్చుచు ఏమి పోగొట్టుకొన్నవి అను ప్రశ్న కేవలము యంత్రవేత్తలది కాదు.

తొలినాటి 35 మిల్లీమీటర్ల ఫిలిముపై బొమ్మ వెడల్పు నాలుగు పాళ్ళు, ఎత్తు మూడు పాళ్ళు. మాటల చిత్రములు వచ్చిన పిమ్మట శబ్దరేఖకు చోటు విడువవలసి వచ్చెను, 1932లో 1.37 నిష్పత్తి స్థిరపడెను. ‘మాయాబజార్’ (1957) ఈ కోవకు చెందినదే. 1953లో అమెరికాలో ‘ది రోబ్’ చిత్రముతో సినిమాస్కోపు వచ్చినది. దీని కీలకమంతయు కటకమునందున్నది. చిత్రీకరణ సమయమున ఒక కటకము దృశ్యమును అడ్డముగా సగమునకు నొక్కి ఫిలిముపై నిలుపును. ప్రదర్శనశాలలో మరియొకటి దానిని విప్పును. విప్పు కటకమును మరచినచో ఎంతటి వీరుడైనను వెదురుబొంగువలె కానవచ్చును. తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రము ‘అల్లూరి సీతారామరాజు’ (1974). అటుపిమ్మట వెడల్పు తెర అలవాటైనను, ఇంటిలోని దూరదర్శన్ పెట్టె చాలకాలము 4:3 గానే యుండెను.

1993లో వీడియో సీడీకి ప్రమాణములు ఏర్పడినవి. మనదేశపు టెలివిజను పద్ధతిలో దానియందు బొమ్మ అడ్డమునకు 352 చుక్కలు, నిలువునకు 288 వరుసలు మాత్రమే. ఒక్కొక్క డిస్కున సుమారు 74 నిమిషములు పట్టును. మూడు గంటల చిత్రమునకు మూడు డిస్కులు కావలెను. సినిమాస్కోపు చిత్రమును దీనిలో ఇముడ్చుటకు మార్గములు రెండే: ప్రక్కలు కోయుట, లేదా క్రిందను మీదను నల్లని పట్టీలు విడుచుట. రెండవ మార్గమున బొమ్మకు మిగులునవి 163 వరుసలు. అంత సన్నని బొమ్మలో నటుల కనుబొమలు కదలినవో లేదో ఎట్లు తెలియును?

1996లో జపానులో మొదట వెలువడిన డీవీడీ ఈ పేదరికమును చాలవరకు తీర్చినది. దానియందు 720 చుక్కలు, 576 వరుసలు. ఇచటనే ఒక చిక్కు కలదు. 720ని 576తో భాగింపగా 1.25 వచ్చును, అది 4:3 కాదు, 16:9 కాదు. ఏలనన, డీవీడీ చుక్క చతురస్రము కాదు. రెండు ఆకృతులును అదే గళ్ళలో నిలుపబడును; ఎంత సాగదీయవలెనో డిస్కులోని ఒక గుర్తు చెప్పును. సినిమాస్కోపు కటకము చేసిన పనియే ఇచట అంకెలు చేయుచున్నవి. కంప్యూటరు తెరపై చుక్క చతురస్రము గనుక, ఆ బొమ్మను 768కి 576గా గాని, 1024కి 576గా గాని మార్చి చూపవలెను. గుర్తును లెక్కింపని సాఫ్టువేరు చేతిలో రెండును చెడును. ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థులు 1996లో ఆరంభించిన పని నుండి పుట్టిన వీఎల్‌సీలో ‘ఏ’ మీట నొక్కినచో ఆకృతి మారును. ఆ యొక్క మీట తెలిసిన చాలును.

16:9 కొలతను 1984లో కెర్న్స్ పవర్స్ అను అమెరికా ఇంజనీరు సూచించెను. పాత 4:3కును, 2.35 సినిమాస్కోపుకును అది నడిమి మార్గము. వెడల్పు తెరలు వచ్చినంతనే వేరొక దురభ్యాసము ప్రబలెను. పాత చిత్రమునకు ఇరుప్రక్కల నల్లపట్టీలు కనబడగానే, తెర వృథాయగుచున్నదని పలువురు బొమ్మను సాగదీయుదురు. అపుడు సావిత్రి ముఖము మూడవవంతు వెడల్పు పెరుగును. ఘటోత్కచుని ముందరి లడ్డూలు కోడిగ్రుడ్లగును. గుండ్రని వస్తువేదైనను పరీక్షకు చాలును.

‘మాయాబజార్’ 2010లో రంగులు దిద్దుకొని సినిమాస్కోపుగా వెలువడెను. 1.37 చట్రమును సాగదీయక 2.35కు మార్చవలెనన్న, ఎత్తులో ఇంచుమించు అయిదింట రెండు పాళ్ళు విడువవలసినదే. రంగులు మెచ్చదగినవే కావచ్చును. పాతచట్రపు ప్రతిని పారవేయుటకు మాత్రము అవి కారణము కారాదు.

నేడు డిస్కుచోటు లేని కంప్యూటర్లే ఎక్కువ. అందుచే ఇండ్లలోని డిస్కులను కంప్యూటరులోనికి ఎక్కించుకొనుట అవసరమైనది. వీడియో సీడీ బొమ్మలోని చుక్కలు 1,01,376. నేటి 1920కి 1080 తెరలోనివి 20,73,600. పెంచి దాచినంత మాత్రమున క్రొత్త వివరము రాదు. ఇరువదింట పందొమ్మిది చుక్కలు యంత్రము ఊహించి నింపినవే. కావున మూలపు కొలతలతోను, ఆకృతి గుర్తుతోను ఉన్నదున్నట్లు దించుకొనుట మేలు. సాగదీసిన బొమ్మను తిరిగి కుదింపవచ్చును. కోసివేసిన అంచులు మాత్రము, మూలపు డిస్కు చెడిన పిమ్మట, ఎచటను దొరకవు.