వాచీ కీ వెనుక రెండు వందల ఏళ్ల కథ

1844లో పారిస్‌లో జరిగిన పరిశ్రమల ప్రదర్శనలో ఆడ్రియన్ ఫిలిప్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు తను తయారు చేసిన జేబు గడియారాలను ఉంచాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. చూడటానికి అవి మామూలు గడియారాలే. కానీ వెనుక మూత తీసి చూస్తే తాళంచెవి పెట్టే రంధ్రం కనబడదు. పైన ఉన్న చిన్న బొడిపెను వేళ్లతో తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది. ముళ్లు జరపాలన్నా అదే బొడిపె. ఇవాళ మనం వాచీ ‘కీ’ అని పిలుచుకుంటున్నది ఆ బొడిపెనే.

ప్రదర్శనలో ఫిలిప్‌కు పతకం వచ్చింది. అంతకన్నా పెద్ద లాభం మరొకటి జరిగింది. పోలండ్ నుంచి వలస వచ్చి 1839 నుంచి జెనీవాలో గడియారాల వ్యాపారం చేస్తున్న ఆంటోనీ పటెక్ కంట ఆ గడియారాలు పడ్డాయి. ఆయన ఫిలిప్‌ను జెనీవాకు పిలిపించుకున్నాడు. 1845లో ఫిలిప్ తన పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1851లో ఆ సంస్థ పేరు పటెక్ ఫిలిప్ అయింది. అదే ఏడాది లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో విక్టోరియా రాణి ఆ సంస్థ గడియారాన్ని కొనుక్కుంది. తాళంచెవి అక్కర్లేని గడియారానికి అంతకు మించిన ప్రచారం ఏముంటుంది?

తాళంచెవి తిప్పలు

అంతకు ముందు గడియారంతో పాటు చిన్న తాళంచెవి కూడా జేబులో ఉండాల్సిందే. రోజూ మూత తెరవాలి, రంధ్రంలో తాళంచెవి పెట్టి తిప్పాలి. అది పోగొట్టుకుంటే గడియారం ఆగిపోయినట్టే. తెరిచిన ప్రతిసారీ దుమ్ము లోపలికి వెళ్లేది. నూనెలో కలిసిన దుమ్ము ఇరుసులను అరగదీసేది. ఈ బాధ తప్పించాలని చాలామంది ప్రయత్నించారు. ఇంగ్లండ్‌లో థామస్ ప్రెస్ట్ 1820లోనే బొడిపెతో స్ప్రింగు చుట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. అయితే దానితో ముళ్లు జరపడం కుదరదు, అందుకు మళ్లీ తాళంచెవి కావాల్సిందే. రెండు పనులూ ఒక్క బొడిపెతో జరగాలి. ఫిలిప్ గొప్పతనం అక్కడే ఉంది.

ఆ ఏర్పాటు ఎంత తెలివైనదో వాచీ లోపల చూస్తే అర్థమవుతుంది. కీకి బిగించిన సన్నటి ఉక్కు పుల్ల లోపలికి వెళ్తుంది. దాన్ని స్టెమ్ అంటారు. స్టెమ్ మీద నలుచదరంగా చెక్కిన చోట ఒక చిన్న పళ్ల చక్రం అటూ ఇటూ జారుతుంది. కీ లోపలికి ఉన్నప్పుడు ఆ చక్రం స్ప్రింగు చుట్టే పళ్లతో కలుస్తుంది. ఆ పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఒకవైపు తిప్పితేనే స్ప్రింగు బిగుస్తుంది, రెండోవైపు తిప్పితే కిర్రుమంటూ జారిపోతుంది. కీని బయటికి లాగగానే ఒక మీట కదిలి, చక్రాన్ని ముళ్లు తిప్పే పళ్ల దగ్గరికి నెడుతుంది. చేతికి అందే ఒకే ఒక్క భాగంతో లోపలి యంత్రాన్నంతా అదుపు చేయడమంటే ఇదే.

నీరు దూరే దారి

గడియారం జేబులోంచి మణికట్టు మీదికి వచ్చాక కొత్త చిక్కు మొదలైంది. స్టెమ్ వెళ్లే రంధ్రం చెమటకూ నీటికీ దారి ఇచ్చింది. లోపలికి చేరిన తేమకు ముందుగా తుప్పు పట్టేది స్టెమ్‌కే. 1925లో పాల్ పెరెగో, జార్జ్ పెరే అనే ఇద్దరు స్విస్ పనివాళ్లు కీని స్క్రూలా తిప్పి బిగించి ఆ దారి మూసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. రోలెక్స్ అధిపతి హాన్స్ విల్స్‌డార్ఫ్ ఆ హక్కులు కొని, 1926లో ఆయిస్టర్ వాచీ తెచ్చాడు.

1927 అక్టోబరులో ఇంగ్లిష్ చానల్ ఈదిన మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె నిజంగానే ఈదిందా అని కొందరికి అనుమానం కలిగింది. తనను నిరూపించుకోవడానికి ఆమె అదే నెల 21న మళ్లీ నీటిలో దిగింది. మెడలో ఆయిస్టర్ వాచీ వేలాడుతోంది. గడ్డకట్టే చలికి పది గంటలు దాటాక ఆమెను బయటికి తీయాల్సి వచ్చింది. కానీ వాచీ మాత్రం సరిగ్గానే నడిచింది. నవంబరు 24న లండన్ డెయిలీ మెయిల్ మొదటి పేజీలో విల్స్‌డార్ఫ్ దాని ప్రకటన వేయించాడు. అయినా రోజూ కీ విప్పి మళ్లీ బిగించడం వల్ల మరలు అరిగేవి. కీతో అవసరం తగ్గించడానికి 1931లో చేయి కదలికకు దానంతట అదే చుట్టుకునే ఆయిస్టర్ పర్పెచువల్ వచ్చింది.

మన చేతి మీదికి

మన దేశంలో ఈ కథ 1961లో బెంగళూరులో మొదలైంది. జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎంటీ చేతి వాచీల తయారీకి దిగింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్ ఇంటింటి పేర్లయ్యాయి. ఉద్యోగం వచ్చిందంటే, పెళ్లి కుదిరిందంటే హెచ్‌ఎంటీ వాచీ చేతికి రావాల్సిందే. పొద్దున్నే లేచి కీ ఇవ్వడం ఇంటి పెద్దల దినచర్య. హైదరాబాద్‌లో ఆల్విన్ సంస్థ కూడా సీకో సహకారంతో వాచీలు చేసింది. 1987లో మార్కెట్లోకి వచ్చిన టైటాన్ క్వార్ట్జ్ వాచీలతో రోజూ కీ ఇచ్చే పని తప్పింది. హెచ్‌ఎంటీ వాచీల సంస్థ మూసివేతకు కేంద్రం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. వాచీలు మాత్రం లక్షల ఇళ్లలో మిగిలే ఉన్నాయి. వాటిలో కొన్ని కీ ఊడిపోయి మూలన పడ్డాయి.

విరిగితే ఏం చేస్తారు?

కీ చేతికి ఊడివచ్చిందంటే చాలాసార్లు విరిగింది కీ కాదు, దాని వెనుక ఉన్న స్టెమ్. మీట పట్టుకునే గాడి దగ్గర అది బాగా సన్నగా ఉంటుంది. అక్కడైనా, కీలోకి ఎక్కే మర దగ్గరైనా విరుగుతుంది. మెకానిక్ కంటికి భూతద్దం బిగించుకుని, మీటను పట్టి ఉంచే ఆవగింజంత స్క్రూను ఒకటి రెండు చుట్లు మాత్రమే వదులు చేస్తాడు. ఎక్కువ తిప్పితే మీట డయలు కింద పడిపోతుంది. అప్పుడు ముళ్లు, డయలు అన్నీ విప్పాలి. ఆ ఒకటి రెండు చుట్ల దగ్గరే చెయ్యి తిరిగినవాడెవరో తెలిసిపోతుంది.

విరిగిన ముక్క కీలోనే ఇరుక్కుంటే మందు మన ఇళ్లలోనే ఉంది: పటిక. వేడినీళ్లలో పటిక బాగా కరిగించి, ఇత్తడి కీని గాజు పాత్రలో నానబెడతారు. ఆ ద్రావణానికి ఆమ్ల గుణం ఉంది. అది ఉక్కు ముక్కను మెల్లగా తినేస్తుంది, ఇత్తడిని ముట్టదు. ముక్క నల్లబడి, బుడగలు వదులుతూ కరిగిపోతుంది. కీ లోపలి మర చెక్కుచెదరకుండా మిగులుతుంది. ఉక్కు కీలకు మాత్రం ఈ వైద్యం పనికిరాదు.

తర్వాత యంత్రం మీద చెక్కిన నంబరు చూసి, దానికి సరిపడే కొత్త స్టెమ్ తెస్తారు. అది పొడుగ్గానే వస్తుంది. కీ బిగించి వాచీలో పెట్టి, కీకీ కేసుకీ మధ్య ఎంత ఎడం ఉందో కొలిచి, అంత మేర మర వైపు కోసి, ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీస్తారు. తొందరపడి ఎక్కువ కోస్తే ఆ స్టెమ్ దండగ. అందుకే మంచి మెకానిక్ నాలుగైదుసార్లు పెట్టి చూసుకున్నాకే తృప్తి పడతాడు. చివరగా, నీరు దూరకుండా కీలో రబ్బరు రింగు ఉంటే దాన్నీ మార్చి పని ముగిస్తాడు.

కొత్త వాచీ కొనడం కన్నా ఇది ఎంతో మేలు. మీ ఇంట్లో నాన్నగారిదో తాతగారిదో వాచీ కీ ఊడి పడి ఉంటే, ఊడిన కీని పారేయకండి, జిగురుతో అంటించే ప్రయత్నం చేయకండి. వాచీనీ, కీనీ ఒక కవరులో వేసి, మీ ఊళ్లో మిగిలిన పాత వాచీ మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లండి. ఈ పని తెలిసిన చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి. మనం పని ఇస్తేనే ఆ విద్య మరో తరానికి అందుతుంది.