డాక్టరు లైసెన్సు - ఓ యాభై డాలర్ల జరిమానా కథ

అమెరికాలో ఎప్పుడూ ఏదో ఒక రాష్ట్రపు మెడికల్ బోర్డు, లైసెన్సు నిబంధనలు మారుస్తామని ప్రతిపాదన పెడుతూనే ఉంటుంది. పెట్టిన రోజు నుంచీ రెండే వాదనలు. "రోగుల ప్రాణాలు కాపాడ్డానికే" అని బోర్డువాళ్ళు, "మమ్మల్ని గేటు బయట నిలబెట్టడానికే" అని బయటివాళ్ళు. వీటిల్లో ఏది నిజమని కొట్టుకోవడం దండగ. చరిత్ర చూస్తే దాదాపు ప్రతిసారీ రెండూ నిజమే.

అక్కడ డాక్టర్లకి లైసెన్సిచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రాలు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకొచ్చేసరికి చాలా రాష్ట్రాలు అంతకుముందున్న కొద్దిపాటి లైసెన్సు చట్టాల్ని కూడా ఎత్తేశాయి. ఎవరికి తోస్తే వాళ్ళు పేరు ముందు డాక్టరని రాసుకుని వైద్యం చెయ్యొచ్చు. సీసాలో ఏముందో పైన రాయక్కర్లేదు. ఫీజు కడితే చాలు డిప్లొమా చేతిలో పెట్టే కాలేజీలూ ఉండేవి. మన ఊళ్ళ ఆర్ఎంపీల గురించి నవ్వుకునేవాళ్ళు ఇదొకసారి గుర్తు తెచ్చుకుంటే మంచిది.

ఇది ఇలాగే సాగకూడదని పట్టుబట్టినవాళ్ళలో వెస్ట్ వర్జీనియా డాక్టరు జేమ్స్ రీవ్స్ ఒకాయన. 1881లో ఆ రాష్ట్రంలో ఆరోగ్య బోర్డు పెట్టించడం వెనక ఆయనే ఉన్నాడు. 1882లో చట్టాన్ని ఇంకాస్త బిగించారు. దాని ప్రకారం వైద్యం చెయ్యాలంటే మూడే దార్లు: పేరున్న మెడికల్ కాలేజీ డిప్లొమా ఉండాలి, లేదా బోర్డు పెట్టే పరీక్ష పాసవ్వాలి, లేదా 1881 మార్చి 8కి ముందు పదేళ్ళపాటు అదే రాష్ట్రంలో ఏకధాటిగా ప్రాక్టీసు చేసుండాలి.

ఆ మూడో దారి చూశారా? చదువుతో పన్లేదు, పరీక్షతో పన్లేదు. పాతకాపైతే చాలు! మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లెగసీ సపోర్ట్ అన్నమాట. పాత యూజర్లు గోల చెయ్యకుండా వాళ్ళని వదిలేసి, కొత్త రూలంతా కొత్తగా వచ్చేవాళ్ళ మీద పెట్టడం.

ఫ్రాంక్ డెంట్ అనే ఆయన ఇక్కడే ఇరుక్కుపోయాడు. 1876 నుంచీ ప్రాక్టీసు చేస్తున్నాడు కాబట్టి పదేళ్ళ లెక్కకి అందడు. సిన్సినాటిలోని ఎక్లెక్టిక్ వైద్య కాలేజీ డిప్లొమా ఒకటి చూపించాడు. ఎక్లెక్టిక్ అంటే మూలికలు ఎక్కువగా వాడే ఒక వైద్య శాఖ. అది పేరున్న కాలేజీ కాదని బోర్డు తిప్పికొట్టింది. అయినా ఆయన వైద్యం మానలేదు. కేసయింది, యాభై డాలర్ల జరిమానా పడింది. పట్టు వదలకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1889 జనవరిలో కోర్టు ఏకగ్రీవంగా బోర్డు వైపే తీర్పిచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ స్టీఫెన్ ఫీల్డ్ వాదన క్లుప్తంగా ఇదీ: నచ్చిన వృత్తి చేసుకునే హక్కు ప్రతివాడికీ ఉంది, కానీ ఆ వృత్తికి తగిన అర్హతలు, కష్టపడితే అందుకోగలిగిన అర్హతలు, పెట్టే అధికారం రాష్ట్రానికుంది.

ఇవాళ్టికీ ఆ బోర్డుల అధికారానికి పునాది ఈ కేసే. నన్నడిగితే తీర్పు సరైనదే. డెంట్‌కి పరీక్ష రాసే దారి తెరిచే ఉంది. కానీ ఏ కాలేజీకి పేరుందో తేల్చేదెవరు? ఆయనకి పోటీగా ప్రాక్టీసు చేసే వర్గపు డాక్టర్లే! కోర్టు ఆ సంగతి జోలికి పెద్దగా పోలేదు.

తర్వాత 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ రిపోర్టు వచ్చింది. ఆయన డాక్టరు కాదు, బడిపంతులు. అమెరికా, కెనడాల్లోని 155 మెడికల్ కాలేజీలు తిరిగి, చాలావాటికి ల్యాబు కూడా సరిగ్గా లేదని ఉతికి ఆరేశాడు. రాష్ట్రాల బోర్డులు ప్రమాణాలు పెంచాయి, నాసిరకం కాలేజీలు వరసగా మూతపడ్డాయి. రోగులకి మేలు జరిగింది, అందులో అనుమానం లేదు. అయితే నల్లజాతివాళ్ళ కోసం ఉన్న ఏడు కాలేజీల్లో మిగిలినవి రెండే, వాషింగ్టన్‌లో హోవార్డ్, నాష్‌విల్‌లో మెహరీ. తెల్లవాళ్ళ కాలేజీలు చాలావరకు వాళ్ళని చేర్చుకోని రోజులవి. అంటే ఒక దారి మూసి, ఇంకో దారి తెరవకుండా వదిలేశారు.

ఇక మనవాళ్ళ సంగతి. 1965 వలస చట్టం తలుపు తీస్తే గుంటూరు, కాకినాడ, విశాఖ కాలేజీల నుంచి బోలెడుమంది డాక్టర్లు వెళ్ళారు. 1976లో ఇక డాక్టర్ల కొరత లేదని చెప్పి ఇంకో చట్టంతో ఆ తలుపు సగం మూశారు. చదువు అదే, మనుషులూ అలాంటివాళ్ళే, మారింది అవసరం ఒక్కటే. 1992లో యూఎస్ఎంఎల్ఈ మొదలయ్యాక అక్కడ చదివినవాళ్ళకీ బయటివాళ్ళకీ పరీక్ష ఒకటే అయింది. అయినా రెసిడెన్సీ దగ్గర తేడా పోలేదు. చాలా రాష్ట్రాల్లో సొంత కాలేజీల వాళ్ళకంటే బయటివాళ్ళకి ఎక్కువ ఏళ్ళు కావాలి. మనదేశంలో ఎండీ చేసి, ఏళ్ళ తరబడి కాన్పులు చేసిన ఒకావిడ నాకు తెలుసు. పెళ్ళయి అక్కడికి వెళ్ళింది, రెసిడెన్సీ సీటు దొరకలేదు. ఇప్పుడు క్లినిక్కులో ఇన్సూరెన్సు కాగితాలు చూస్తోంది. ఆవిడ చేతుల్లో ఉన్న పనితనాన్ని కొలిచే గడే ఏ ఫారంలోనూ లేదు.

2023లో టెనెసీ రాష్ట్రం, విదేశాల్లో శిక్షణ పొందిన డాక్టర్లు అక్కడ మళ్ళీ రెసిడెన్సీ చెయ్యకుండానే తాత్కాలిక లైసెన్సు తీసుకునే వీలు కల్పిస్తూ చట్టం చేసింది. 2024లో ఫ్లోరిడా, వర్జీనియా కూడా అదే బాట పట్టాయి. పల్లెటూళ్ళకి డాక్టర్లు దొరక్కపోవడం ఓ పెద్ద కారణం. మళ్ళీ అవసరమే!

అలాగని గేటు పీకి పారెయ్యమనడం లేదు. గేటు లేని రోజుల్లో ఏం జరిగిందో పైన చెప్పుకున్నాం. కొత్త నిబంధన ఏదొచ్చినా నేను చూసేది ఒక్కటే: అది మనిషికి ఏం వచ్చో కొలుస్తోందా, ఎక్కణ్ణుంచి వచ్చాడో కొలుస్తోందా? మొదటిదైతే ఎంత కష్టమైన పరీక్షయినా పెట్టుకోవచ్చు. రెండోదైతే మాత్రం, దానికి రోగి పేరు అడ్డం పెట్టుకోవడం అన్యాయం. ఆ పల్లెటూళ్ళో డాక్టరు కోసం ఎదురుచూస్తున్నదీ రోగే కదా.