కత్తెరతో చెప్పిన కథ

మా అమ్మ చేతికి కత్తెర దొరికితే చాలు, తిండీ నిద్రా అక్కర్లేదు. పండగ వస్తోందంటే పాత పేపర్లు మడతలు పెట్టి, అక్కడో గాటూ ఇక్కడో గాటూ పెట్టి విప్పేది. అలమార అరల అంచున చిలకలూ, నెమళ్ళూ వరసగా నిలబడేవి. సంక్రాంతి బొమ్మల కొలువులో కోటగోడలూ, కొబ్బరిచెట్లూ కూడా ఆ కత్తెరలోంచి వచ్చినవే. "మీ అమ్మకి పనీపాటా లేదర్రా, కాగితాలు తగలేస్తోంది" అనేవారు నాన్నగారు నవ్వుతూ. అమ్మా నవ్వేసేది. పండగ వెళ్ళిపోగానే అవన్నీ నీళ్ళపొయ్యిలోకి వెళ్ళిపోయేవి. ఇవాళ ఎవరికైనా చూపిద్దామంటే ఒక్క ముక్క లేదు నా దగ్గర.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న సెలవులకి వచ్చిన మా మనవరాలు కంప్యూటరులో ఒక బొమ్మల సినిమా పెట్టి, "అమ్మమ్మా, రా, ఇది నీకు నచ్చుతుంది" అని పిలిచింది. పప్పు పొయ్యిమీదుంది, ఐదు నిమిషాలు చూసి వద్దామని కూచున్నాను. పప్పు మాడింది!

తెరమీద నల్లటి నీడబొమ్మలు కదులుతున్నాయి. మన తోలుబొమ్మలాట కాబోలు అనుకున్నాను ముందు. కానీ మన తోలుబొమ్మలకి రంగులుంటాయి కదా, దీపం వెలుగు ఆ తోలులోంచే వడగట్టుకుని వస్తుంది. ఇక్కడ మనుషులందరూ కారునలుపు, వెనక ఆకాశానికి మాత్రం పసుపూ, నీలమూ, ఎరుపూ. ఆ రాకుమార్తె తలపాగా మీది ఈకలూ, మంత్రగాడి వంకర వేళ్ళూ చూస్తే, అంత సన్నగా ఏ పనిముట్టుతో చెక్కారో అనిపించింది. కత్తెరతోనట! చేసింది ఒక ఆడమనిషట!

ఆవిడ పేరు లొట్టే రైనిగర్. 1899లో బెర్లిన్‌లో పుట్టింది. నల్లకాగితం కత్తిరించి మనుషుల ఆకారాలు చెయ్యడం ఆ దేశంలో చాలా ఇళ్ళల్లో ఉన్న కాలక్షేపమే. ఈవిడకి అది చిన్నప్పుడే పట్టుబడింది. నాటకాల్లో చేరాలని వెళ్ళి, నటుల నీడబొమ్మలు కత్తిరించి చూపించి, పాల్ వెగెనర్ అనే నటుడి దృష్టిలో పడింది. 1918లో ఆయన ఎలకల్ని ఊరవతలికి తోలుకుపోయే వేణుగానం వాడి కథ సినిమాగా తీస్తూంటే, నిజం జంతువులు చెప్పినమాట వినలేదు. అప్పుడు కొయ్య ఎలకల్ని కొంచెంకొంచెం జరుపుతూ ఒక్కొక్క ఫొటో తీసి నడిపించింది ఈ అమ్మాయే. పందొమ్మిదేళ్ళయినా నిండాయో లేదో!

నేను చూసిన సినిమా పేరు 'రాకుమారుడు అహ్మద్ సాహసాలు'. 1926లో విడుదలయింది. మనకందరికీ తెలిసిన డిస్నీ 'స్నోవైట్' వచ్చింది 1937లో. అంటే దానికంటే పదకొండేళ్ళు పెద్దది ఇది. అంతకుముందు 1917లోనే అర్జెంటీనాలో ఒక పెద్ద బొమ్మల సినిమా తీశారు గానీ అది మిగల్లేదు. మిగిలిన పెద్ద బొమ్మల చిత్రాల్లో ఇదే మొదటిది.

దీని వెనక ఒక బ్యాంకరున్నాడు, లూయీ హాగెన్. జర్మనీలో నోట్ల కట్టలు చిత్తుకాగితాలైపోతున్న రోజులవి. డబ్బు దాచి లాభంలేదని ఆయన సినిమా ఫిలిం కొని పెట్టుకున్నాడు. అదిచ్చి, పోట్స్‌డామ్‌లో తన ఇంటి కారు షెడ్డుమీద పని చేసుకోవడానికి చోటు కూడా ఇచ్చాడు. అక్కడ 1923 నుంచి మూడేళ్ళు సాగింది పని. నల్ల అట్టా, పల్చటి సీసపు రేకూ కత్తిరించి, మోచేతికో ముక్క, మణికట్టుకో ముక్క చేసి, కీళ్ళ దగ్గర తీగెతో ముడెయ్యడం. అద్దం బల్లమీద పడుకోబెట్టి, కిందనుంచి దీపం, పైన కెమెరా. చెయ్యి వెంట్రుకవాసి జరపడం, ఒక ఫొటో. మళ్ళీ జరపడం, ఇంకో ఫొటో. కెమెరా దగ్గర భర్త కార్ల్ కోఖ్. సినిమా సుమారు 65 నిమిషాలు. సెకనుకి 24 బొమ్మల చొప్పున లెక్క కడితే 93 వేల పైచిలుకు! చేగోడీలు చుడుతూంటే వందోదానికే నడుం పట్టేస్తుంది మనకి.

కథ అరేబియన్ నైట్స్‌లోది. ఒకే కథ కాదు. ఎగిరే గుర్రం ఒకచోటిది, పెరీ బాను ఒకచోటిది, అల్లాఉద్దీన్ మరోచోటివాడు. అన్నీ కలిపి కదంబమాల కట్టింది. పెరీ బాను కొలనులో స్నానం చేస్తూంటే అహ్మద్ ఆమె ఈకల వస్త్రం ఎత్తుకుపోతాడు. "ఏం, మర్యాదగా మాట్లాడకూడదా?" అంది మా మనవరాలు. నా చిన్నతనంలో ఇలాంటి కథలు ఎన్నో విన్నాను గానీ ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు సుమండీ. కానీ చివర చూడండి, మంత్రగాణ్ణి చంపేది ఆ రాకుమారుడు కాదు, అగ్నిపర్వతం మీది ముసలి మంత్రగత్తె. చూడ్డానికి కురూపి. ఇద్దరూ రకరకాల జంతువుల రూపాలెత్తి కొట్టుకుంటారు. చివరికి ఆవిడే గెలుస్తుంది.

చూస్తూంటే ఒకటి తోచింది. ఈ బొమ్మలకి ముఖాలు లేవు. కన్నీళ్ళు కనిపించవు, నవ్వు కనిపించదు. మెడ వాలితే దుఃఖం, వేళ్ళు వణికితే భయం. మిగతా ముఖమంతా మనమే ఊహించుకోవాలి. పుస్తకంలో కథ చదివేటప్పుడూ అంతేగా? రాకుమార్తె ఎలా ఉంటుందో ఎవరికి వాళ్ళం దిద్దుకుంటాం. కథల పుస్తకాన్ని తెరకెక్కించి కూడా ఆ పని మనకే వదిలేసింది మహాతల్లి. అందుకే పప్పు మాడింది.

తరవాత ఆవిడ జీవితం అంత సుఖంగా నడవలేదు. హిట్లరు పాలన నచ్చక భార్యాభర్తలు దేశం విడిచి ఊరూరూ తిరిగారు. యుద్ధం జరుగుతూండగానే, జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి మళ్ళీ బెర్లిన్ వెళ్ళింది. 1945లో అక్కడి పోరులో ఈ సినిమా అసలు నెగటివు నాశనమైపోయింది. మూడేళ్ళ కష్టం! అదృష్టం బాగుండి లండన్‌లో ఒక రంగుల ప్రతి భద్రంగా ఉంది. దాని ఆధారంగానే 1990ల చివర్లో సినిమాని బాగుచేశారు. అది చూడ్డానికి ఆవిడ లేదు, 1981లో కన్నుమూసింది.

ఎవరో ఒకరు ఒక ప్రతి దాచారు కనక, దాదాపు వందేళ్ళకి మా ఇంట్లో ఆ గుర్రం ఎగిరింది. మా అమ్మ చిలకల్ని దాచాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాన్నగారిని మాత్రం అనడమెందుకు? పండగయ్యాక వాటిని పోగుచేసి పొయ్యిలో వేసింది చాలాసార్లు నేనే.

ఆ సాయంత్రం మనవరాలికి పాత పేపరొకటి ఇచ్చి, మడతలు పెట్టడం నేర్పాను. చేతులకి గుర్తుంది, నాకే ఆశ్చర్యం వేసింది. దాని మొదటి చిలకకి మెడ లావైంది, ముక్కు తెగిపోయింది. "ఛీ, బాలేదు" అని ఉండచుట్టబోయింది. లాక్కుని, వెనకాల దాని పేరూ తారీఖూ వేసి, నా భారతంలో పెట్టాను.