పలుకుట, వినుట: విశాఖమండలమునఁ బుట్టిన యొక వాదము

భాషను నేర్పుట యన వ్రాఁతను నేర్పుటయే యను తలఁపు పాఠశాలలలో బలపడియున్నది గాని, యిది ప్రాచీనమైన తలఁపు గాదు. వేదాంగములలో శిక్షకుఁ గల ప్రాధాన్య మెల్లరెఱిఁగినదే. పాణినీయశిక్ష పాఠకుని గుణము లాఱింటిని జెప్పుచు మాధుర్యము, అక్షరస్ఫుటత, పదవిభాగము, సుస్వరము, ధైర్యము, లయ యనువానినే పేర్కొన్నది. అధమపాఠకుల నార్వురిని లెక్కించునపుడు పాడువాఁడు, తొందరపడువాఁడు, తల యూఁచువాఁడు, అర్థ మెఱుఁగనివాఁడు, సన్ననిగొంతువాఁడు అను నేవురితోపాటు వ్రాఁతను జూచి చదువువానినిఁ గూడ నా పంక్తియందే కూర్చుండఁబెట్టినది. ఈ తుదివాఁడే నేఁటి పాఠశాలలలో నుత్తమ విద్యార్థి!

అయినను శిక్షాశాస్త్రము నేర్పినది యున్న పాఠమును జెడకుండఁ బలుకుట. తన తలఁపును దాను బలుకుట గాదు. వీథిబడులలోను నంతియే. పిల్లలు పద్యములను, ఎక్కములను, అమరమును గొంతెత్తి వల్లించిరి. వారి నోరును జెవియు నిద్రపోలేదు. కాని వల్లించుటయు మాటాడుటయు నొకటి గావు. శతకమంతయు నప్పగింపఁగల బాలుఁడు తాను సంతలోఁ జూచినదానిని బదిమందిముందు నాలుగు మాటలలోఁ జెప్పలేకపోవుట యుపాధ్యాయులకు వింత గాదు.

శారదానదీతీరమున నున్న యనకాపల్లి బెల్లపు విపణికిఁ బేరుగాంచినది. ఇది చిరకాలము విశాఖపట్టణ మండలమునఁ జేరియుండి, 2022 ఏప్రిలు 4వ తేదిని బ్రత్యేక మండలమునకుఁ గేంద్రమయ్యెను. ఈ సీమలోఁ జెఱకుతోఁటల పల్లెనుండి బడికి వచ్చు బాలుఁడు "ఏటి?" యని యడుగును. పుస్తకమున "ఏమి" యని యుండును. పండితుఁడు వెంటనే దానిని దిద్దును; బాలుఁడు మౌనము వహించును. మాట దిద్దఁబడినది గాని, వాఁ డడిగిన ప్రశ్నకుఁ బ్రత్యుత్తరము రాలేదు.

ఈ విషయమును విచారణకుఁ దెచ్చినవాఁడు పరదేశీయుఁ డగుట గమనింపఁదగినది. 1906వ సంవత్సరప్రాంతమున యేట్సుదొర యుత్తరాంధ్రమండలములకుఁ బాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. తాను నేర్చిన తెలుఁగు వేఱు, తనచుట్టు వినవచ్చు తెలుఁగు వేఱు. దీనికిఁ గారణమేమని యాతఁ డడిగెను. విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షుఁడగు పి.టి. శ్రీనివాసయ్యంగారు తోడుపడెను. పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడగు గిడుగు రామమూర్తి పంతులును, విజయనగరమున నుండిన గురజాడ అప్పారావును నీ విచారమునఁ బ్రవేశించిరి. గురజాడవారు 1862లో జన్మించిన సర్వసిద్ధి రాయవరము నేఁడు అనకాపల్లి మండలములోనిదే.

అప్పటికి ఐరోపాఖండమున భాషాబోధనము మాఱుచుండెను. వియేటరు 1882లోఁ బ్రకటించిన చిన్న గ్రంథము, స్వీటు 1899లో వెలువరించిన గ్రంథము వినికిడికిని ఉచ్చారణమునకును బ్రథమస్థానము నిచ్చినవి. ముందు చెవి, పిదప నోరు, ఆ తరువాతనే కన్నును జేయియు నను క్రమమును బ్రత్యక్షపద్ధతి యనిరి. తల్లియొడిలో శిశువు నేర్చు క్రమ మిదియే గదా! ఆంగ్లమునకుఁ జెల్లు పద్ధతి తెలుఁగున కేల చెల్లదను ప్రశ్న తప్పలేదు.

కాని వాదము శీఘ్రముగా దారి మార్చుకొన్నది. 1911లో మద్రాసున జయంతి రామయ్య పంతులుగారి పూనికతో నాంధ్రసాహిత్యపరిషత్తు వెలసెను. పరీక్షలలో వ్యాసరచన యే శైలిలో నుండవలెనను కలహము ప్రబలెను. 1914లో గురజాడవా రసమ్మతిపత్రమును వ్రాసి, మఱుసటి యేఁట దివంగతులైరి. బాలుని నోటినుండి మొదలైన ప్రశ్న పరీక్షాపత్రముపైఁ బడి, క్రియాపదముల తుదిరూపములయొద్ద నాఁగిపోయినది. గ్రాంథికపక్షమువారి భయము నిరాధారమని కొట్టివేయరాదు: వాడుకమాట యన నెవ్వరి మాట? అనకాపల్లిదా, నెల్లూరిదా, కడపదా? శిష్టుల వ్యావహారిక మని రెండవపక్షము ప్రత్యుత్తర మిచ్చెను. ఉత్తరము సమంజసమే. కాని "ఏటి" యను బాలుఁడు గ్రాంథికమునకు వెలుపల నుండినట్లే యా శిష్టభాషకును వెలుపలనే యుండెను. ఇరుపక్షములవారును వ్రాసిరి, ఖండించిరి, సభలు చేసిరి. వాని మాట విన్నవారు తక్కువ. కాలక్రమమున వ్రాఁతలో వ్యావహారికము గెలిచినది. పలుకుటకును వినుటకును గలిగిన లాభ మల్పము. పదవతరగతి తుదిపరీక్షలోఁ దెలుఁగు నేఁటికిని వ్రాఁతపరీక్షయే.

వినుట యననేమో క్రియలోఁ జూపినది గిడుగువారి సవరభాషాకృషి. పర్లాకిమిడి పరిసరములలోని సవరలకు నాఁడు లిపి లేదు, గ్రంథము లేదు. కావునఁ జెవి దక్క సాధనాంతరము లేదు. ఆయన సవరలను దరిఁజేర్చుకొని, వారి మాటలను వారినోటనే విని, యక్షరబద్ధము చేసెను. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పింపఁబూనెను. ఇచ్చట గురువే ముందు శిష్యుఁ డయ్యెను. 2004వ సంవత్సరప్రాంతమున నాంధ్రప్రదేశమున సవర, కొండ, కువి మున్నగు గిరిజనభాషలలోఁ బ్రాథమికపాఠములు మొదలైనపు డీ మార్గమే మరల ననుసరింపఁబడినది.

మన్యములలోఁ దిరుగుటచే గిడుగువారికిఁ జలిజ్వరము పట్టినది. దానికై సేవించిన క్వినైనుచే వినికిడి చెడెను. పిదప నాయన సభలలో దీర్ఘముగా వాదించెను గాని, యెదుటివారి మాట వినుట కష్టమయ్యెను. సవరభాషావ్యాకరణ మాంగ్లమున 1931లోఁ బ్రకటింపఁబడెను. 1940 జనవరి 22వ తేదిని ఆయన మరణించునాఁటికి సవరనిఘంటువులును వెలువడియుండెను. వానిలోని శబ్దములు చెవి చెడకమునుపు మొదలిడి కూర్చినవి.