మార్లవాయి గుడిసెలో ప్రొఫెసరుగారి ఇల్లాలు



దీపావళి దగ్గర పడుతున్నదంటే మా లక్సెట్టిపేట రోడ్డు మీద డోలు, సన్నాయి చప్పుడు మొదలవుతుంది. పక్కనే దండేపల్లి మండలంలో, గూడిరేవు దగ్గర గోదావరి ఒడ్డున, గోండుల దేవత పద్మల్‌పురి కాకో గుడి ఉంది. దండారి పండుగకు గోండులు ఎక్కడెక్కడి గూడేల నుంచో ఆ గుడికి వస్తారు. నెమలి ఈకల టోపీలు, ఒంటినిండా బూడిద పూతలు, కాళ్ళకు గజ్జెలు. చిన్నప్పుడు చేతిలో పని, నోట్లో ముద్ద వదిలేసి వాకిట్లోకి ఉరికేదాన్ని. మా నాయనమ్మ గడపలో నిలబడి, "అడవోళ్ళు పోతున్నరే" అనేది. దూపకు నీళ్ళు అడిగితే చెంబెడు పోసేది. అంతే. లోపలికి వచ్చి కూర్చోమని మాత్రం ఎన్నడూ అనలేదు. ఆమె అనలేదు సరే, పెద్దయినాక నేను కూడా అనలేదు. ఈ మాట మీతో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అయినా ఎందుకు చెబుతున్నానో చివరకు మీకే తెలుస్తుంది.

ఇవ్వాళ మీకు ఒక యూనివర్సిటీ ప్రొఫెసరుగారి కాపురం గురించి చెప్పాలనుకుంటున్నాను. ప్రొఫెసరుగారి భార్య అనగానే మనకేం కనిపిస్తుంది చెప్పండి? క్యాంపసులో పెద్ద క్వార్టరు, ముందు గులాబీ మొక్కలు, సాయంత్రం నలుగురు వస్తే టీ కప్పులు, గోడనిండా పుస్తకాలు, వాటి దుమ్ము దులుపుకొనే ఇల్లాలు. నేను చెప్పబోయే ఇల్లాలికి వీటిలో ఏదీ లేదు. మన ఆదిలాబాదు అడవుల్లో, మార్లవాయి అనే గోండు గూడెంలో, తడికెల గోడల గుడిసె ఆమె ఇల్లు. ఆమె పేరు బెట్టి ఎలిజబెత్. ఇంగ్లీషు వనిత.

ఆమె భర్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గారు 1909లో ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో పుట్టారు. ఆయన చదివింది ఆంత్రొపాలజీ. అంటే మనుషులు ఎట్లా బ్రతుకుతారు, పెళ్ళిళ్ళు ఎట్లా చేస్తారు, చావుకు ఎట్లా ఏడుస్తారు, ఏ దేవుణ్ణి ఎందుకు కొలుస్తారు అని దగ్గరుండి చూసి రాసే శాస్త్రం. 1938లో వాళ్ళ పెళ్ళయింది. మరుసటి ఏడు ఇద్దరూ ఇండియాకు వచ్చారు. ఇంతలోనే రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. అప్పటికే ఆస్ట్రియా హిట్లరు చేతిలోకి పోయింది కనుక ఆయన పాస్‌పోర్టు జర్మనీది. దాంతో ఇంగ్లీషు ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశస్థుడైపోయారు. నైజాం రాజ్యం ఎల్లలు దాటకుండా ఉండాలని ఆంక్ష పెట్టారు. విచిత్రం చూడండి! భార్యది ఇంగ్లండు, భర్త ఇంగ్లండుకు శత్రువు. వేరొకరైతే నెత్తిన చేతులు పెట్టుకొని కూర్చుందురు. వీళ్ళు మాత్రం ఉన్నచోటే పని వెతుక్కున్నారు. 1940లో నల్లమల చెంచుల దగ్గరికి, తరువాత గోదావరి లోయలోని కొండరెడ్ల దగ్గరికి వెళ్ళారు.

సరిగ్గా ఆ 1940లోనే మన జిల్లాలో జోడేఘాట్ దగ్గర కొమరం భీమును కాల్చి చంపారు. దాని వెనుక పెద్ద కథే ఉంది. గోండులు తాతల నాటి నుంచీ దున్నుకుంటున్న భూములకు కాగితాలు లేవు. అడవిని సర్కారు రిజర్వు చేసుకుంటూ వచ్చింది. జంగలాత్ వాళ్ళు హద్దులు గీసి, గూడేలు ఖాళీ చేయించి, కొన్నిచోట్ల ఇళ్ళు కూడా తగలబెట్టారు. కాజీపేట నుంచి బల్లార్షాకు మంచిర్యాల మీదుగా రైలు పడిన తరువాత బయటివాళ్ళ రాక మరింత పెరిగింది. చదువొచ్చినవాళ్ళు, కచ్చేరి దారి తెలిసినవాళ్ళు పట్టాలు రాయించుకున్నారు. నాగలి పట్టినవాడు సొంత చేలోనే పాలేరయినాడు. భీము చనిపోయాక, అసలు వీళ్ళెందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నైజాం ప్రభుత్వానికి తోచింది. ఆ పని హైమన్‌డార్ఫ్ గారికి అప్పజెప్పారు. 1941లో ఆ దంపతులు మార్లవాయి చేరుకున్నారు.

మార్లవాయి ఇప్పుడు కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉంది. అప్పుడు కరెంటు లేదు, రోడ్డు లేదు, ఎడ్లబండి బాటే గతి. ఆ ఊరి పెద్ద లచ్చు పటేల్ వీళ్ళను ఆదరించాడు. గూడెం మధ్యనే గుడిసె వేసుకున్నారు. ఒక్కసారి మన ఇంటి సంగతితో పోల్చి చూసుకోండి. గ్యాసు బండ ఒక పూట ఆలస్యమైతే మనం ఎంత గోల చేస్తాం! పరాయి దేశపు పిల్ల, పరాయి భాష, వాన కురిసే అడవి, చలిజ్వరాల కాలం. వారమో పది రోజులో చూసి పోవడం కాదు, కాపురం అక్కడే.

ఆమె అక్కడ వంట చూసుకుంటూ కూర్చున్నదనుకోకండి. గోండు ఆడవాళ్ళ పురుడు, పుణ్యం, అత్తాకోడళ్ళ పేచీలు, పిల్లల జ్వరాలు, పొయ్యి దగ్గర చెప్పుకునే మాటలు – ఇవి మగవాడు ఎంత చదువుకున్నా అడిగి తెలుసుకోగలిగినవి కావు కదా! ఆ పరిశోధనలో ఆమె పాలు ఆమెకు ఉంది. 1979లో అచ్చయిన 'ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' అనే పెద్ద గ్రంథం మీద భర్త పేరుతోపాటు ఎలిజబెత్ పేరు కూడా ఉంది. అంతేకాదు, దక్షిణాసియా మానవశాస్త్రం మీద వచ్చిన రచనలకు ఆమె సంపుటాలుగా సూచిక తయారు చేసింది. పరిశోధన చేసేవాళ్ళకు అది దిక్సూచి వంటిది. పేరు తెచ్చే పనికంటే పదిమందికి పనికొచ్చే పని చేయడం మన ఆడవాళ్ళకు అలవాటే గదా!

ఇక యూనివర్సిటీ మాటకు వస్తాను. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. 1919లో తరగతులు మొదలైనాయి. ఇంగ్లీషులో కాకుండా ఉర్దూలో పై చదువులు చెప్పాలని పెట్టిన యూనివర్సిటీ అది. శాస్త్రాల పుస్తకాలన్నీ ఉర్దూలోకి మార్చడానికి ప్రత్యేకంగా దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టారు. దేశభాషలో చదువంటే గొప్ప ఆలోచనే. కానీ తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే పిల్లలకు ఉర్దూ కూడా పరాయిదే. మరి గోండు పిల్లవాడి సంగతేమిటి? వాడికి తెలుగే అర్థంకాదు. వాడి భాష గోండి.

హైమన్‌డార్ఫ్ గారు ఈ ముడి విప్పారు. ఆయన సలహా మీద 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. గోండు యువకులకే తర్ఫీదు ఇచ్చి పంతుళ్ళను చేశారు. మొదటి వాచకాలు దేవనాగరి లిపిలో, గోండి మాటల్లోనే రాయించారు. 'అమ్మ' అనే మాట అమ్మ భాషలో చదువుకోవడం ఎట్లా ఉంటుందో ఆ పిల్లలకు అప్పుడు తెలిసింది. సేతుమాధవరావు పగ్డి వంటి అధికారులు కూడా గోండి నేర్చుకొని ఆ పనిలో చేయి కలిపారు. 1945 నుంచి 1949 దాకా హైమన్‌డార్ఫ్ గారు గిరిజనుల విషయంలో నైజాం ప్రభుత్వానికి సలహాదారు, ఉస్మానియాలో ఆంత్రొపాలజీ ప్రొఫెసరు కూడా. అంటే నగరంలోని ప్రొఫెసరు కుర్చీకి వేళ్ళు మార్లవాయి గుడిసెలో ఉన్నాయన్నమాట.

ఆ పరిశోధన అల్మారాలో పడి ఉండలేదు. 1949 నాటికి మన జిల్లాలో 11,000 మందికి పైగా గిరిజనులకు దాదాపు 1,60,000 ఎకరాలకు పట్టాలు వచ్చాయి. కెస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల మొర వినే దర్బారు కూడా ఆయన చలవే అంటారు.

తరువాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైనారు. భార్యాభర్తలు నేపాల్ షేర్పాల మధ్య కూడా పని చేశారు. అయినా మార్లవాయిని మరువలేదు. 1970లలో మళ్ళీ వచ్చి చూస్తే, తాము ఇప్పించిన భూముల్లో ఎన్నో మళ్ళీ బయటివాళ్ళ చేతుల్లోకి పోయి ఉన్నాయి. గిరిజనుల భూమి ఇతరుల పరం కాకుండా 1959లో చట్టం, 1970లో దానికి సవరణ – మనం 1/70 అంటామే, అది – వచ్చినా జరగవలసింది జరిగిపోయింది. ఆ బాధంతా 1982లో 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకంలో రాశారు. అంతకు ముందు ఏడే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూముల కోసం కూడిన గోండుల మీద పోలీసు తుపాకులు పేలాయి. నలభై ఏండ్ల క్రితం జోడేఘాట్‌లో అడిగిన ప్రశ్నే అది.

1987 జనవరిలో బెట్టిగారు హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయికి తెచ్చి గోండుల పద్ధతిలో సమాధి చేశారు. ఇంటి ఆడపడుచును సాగనంపినట్లే సాగనంపారు. 1995లో హైమన్‌డార్ఫ్ గారు లండన్‌లో పోయారు. ఆయన అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న అక్కడ వాళ్ళను తలచుకుంటారు. ఆ ప్రాంతంలో పిల్లలకు హైమన్‌డార్ఫ్ అని పేరు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

జన్నారం, ఉట్నూరు మీదుగా నేనూ ఒకసారి వెళ్ళి ఆ సమాధులు చూశాను. పక్కపక్కన రెండూ ఉన్నాయి. నేను పదో తరగతితో చదువు చాలించినదాన్ని. వాళ్ళ పుస్తకాలు చదివి అర్థం చేసుకునే శక్తి నాకు లేదు. కానీ అక్కడ నిలబడితే ఒకటి అర్థమైంది. ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చిన ఆడమనిషి వాళ్ళ వాకిట్లో కూర్చుంది. రోడ్డుకు ఇవతల ఉన్న మేము మా వాకిట్లో వాళ్ళను కూర్చోబెట్టలేకపోయాం.

పోయిన దీపావళికి దండారి వాళ్ళు మా వీధిన వచ్చినప్పుడు వరండాలో చాప పరిచాను. ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. టీ ఇచ్చాను. ఒక పెద్దామె పేరు అడిగితే చెప్పింది. తరువాత నా పేరు అడిగింది. ఇన్నేండ్లలో మేము ఒకరి పేరు ఒకరం అడగడం అదే మొదలు.

సెలవు.