బేగంపేట విమానాలు – లాభనష్టాల పద్దు

మైత్రీవనం దగ్గర పనిచేసిన మిత్రులకు గుర్తుండే ఉంటుంది, 2008 మార్చి వరకు బేగంపేట విమానాల మోత మన కార్యాలయాల దాకా వినిపించేది. శంషాబాద్ వచ్చాక ఆ మోత పోయింది. అయితే అక్కడ నిజాం ప్రభుత్వమే ఒకప్పుడు విమాన వ్యాపారం చేసిందన్న సంగతి మనలో కొద్దిమందికే తెలుసు.

నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పారు. 1946లో సర్వీసులు మొదలయ్యాయి. యుద్ధంలో వాడగా మిగిలిన డకోటా విమానాలు అప్పుడు చౌకగా దొరికేవి. ఆ చౌకే దేశంలో మరెందరినో ఆశపెట్టింది. ప్రభుత్వం లైసెన్సులు ధారాళంగా ఇచ్చింది. ప్రయాణీకులు మాత్రం అంతమంది లేరు! (మిగతా కంపెనీలు కాదన్న ప్రేమ్ మాథుర్ అనే మహిళా పైలట్‌కు ఉద్యోగమిచ్చిన ఘనత మాత్రం మన డెక్కన్ ఎయిర్‌వేస్‌దే.)

ఈ వ్యాపారంలో చిక్కు చెబుతాను. ఈనాటి ఖాళీ సీటును రేపటికి దాచుకోలేము. సీట్లు నిండినా నిండకపోయినా ఇంధనం, పైలట్ జీతం ఇంచుమించు ఒక్కటే. కనుక మిగిలిన సీటును వచ్చినకాడికి అమ్మాలనిపిస్తుంది. పక్క కంపెనీ వాడూ అదే చేస్తాడు. చివరికి ఇద్దరికీ నష్టమే. 1950లో రాజాధ్యక్ష కమిటీ, ఉన్న రద్దీకి నాలుగు కంపెనీలు చాలునని చెప్పింది. 1953 ఆగస్టు 1న డెక్కన్‌తో సహా ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు.

ఆ తరువాత నలభై ఏళ్లు పోటీ అన్నది దాదాపు లేదు. మా గుమాస్తాల టి.ఏ. బిల్లుల్లో విమానం అన్న మాటా లేదు. 1994లో ఆనాటి చట్టం రద్దయింది. అప్పటికే రంగంలోకి దిగిన ఈస్ట్ వెస్ట్, దమానియా వంటివి ఎక్కువ కాలం నిలవలేదు. 2003లో వచ్చిన ఎయిర్ డెక్కన్ సామాన్యుణ్ణి విమానమెక్కించింది, కాని తాను లాభపడలేదు. దాన్ని కొన్న కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. కింగ్‌ఫిషర్ సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందలేదు. నెలనెలా పెన్షను అందుకునే మనం ఆ కుటుంబాల అవస్థ ఊహించగలం. చౌక టిక్కెట్టు ఖరీదులో కొంత వారే చెల్లించారని నా అభిప్రాయం.

ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను 2007లో ఎయిర్ ఇండియాలో కలిపారు. 2022 జనవరిలో అది టాటాల చేతికే తిరిగి వచ్చింది. దేశంలో తిరిగే ప్రయాణీకుల్లో సగానికి పైగా మాత్రం ఇండిగో విమానాలే ఎక్కుతున్నారు. 2025 డిసెంబరులో ఆ ఒక్క సంస్థ వేలాది సర్వీసులు రద్దు చేసేసరికి మిగతావారి టిక్కెట్లు ఆకాశాన్నంటాయి. ప్రభుత్వం మళ్ళీ కలుగజేసుకుని, దూరాన్నిబట్టి ఛార్జీలకు గరిష్ఠ పరిమితి విధించింది.