ఖలా: బిరూనీ సీసా నుంచి హింగోలీ గొట్టం దాకా

ఖలా అంటే ఖాలా కాదు. ఖాలా మన అమ్మీ చెల్లెలు. ఖలా అంటే ఏమీ లేని జాగా, గాలి కూడా లేని ఖాళీ. ఉర్దూ మీడియం సైన్సు కితాబులో దీన్ని ఖలా అని చదువుకున్నాను. తెలుగు డిగ్రీకి వచ్చాక అదే శూన్యం అయింది. వర్క్‌షాపుల్లో వ్యాక్యూమ్ అంటారు. ఈ ఖాళీని తయారు చేసి, దాన్ని కాపాడటమే నౌకరీగా ఉన్నవాళ్లు దునియాలో ఉన్నారు. వాళ్లే వ్యాక్యూమ్ ఇంజినీర్లు. ఈ హునర్ తారీఖ్ తిరగేస్తే దారిలో మనకు తెలిసిన పేర్లు కొన్ని తగులుతాయి.

ఖలా అనేది అసలు ఉండనే ఉండదని యూనాన్‌లో అరిస్టాటిల్ చెప్పి వెళ్లాడు. ఆ మాట మీద శతాబ్దాల పాటు బహస్ నడిచింది. పదో శతాబ్దంలో ఫారాబీ దీనిమీద ఒక చిన్న రిసాలా రాశాడు. క్రీ.శ. 1000 ప్రాంతంలో ఖ్వారజ్మ్‌కు చెందిన అల్ బిరూనీ, బుఖారాకు చెందిన ఇబ్న్ సీనాకు కొన్ని సవాళ్లు రాసి పంపాడు. అప్పటికి ఇద్దరూ నౌజవాన్లే. అందులో ఒక సవాల్ ఇది: ఖలా లేదంటున్నారు కదా, మరి గాజు సీసాలో గాలి నోటితో పీల్చేసి, దాన్ని నీళ్లలో బోర్లిస్తే నీరు పైకెందుకు ఎక్కుతుంది?

హిజామా చేయించుకున్నవాళ్లకు ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. కప్పులో గాలి తగ్గితే చర్మం ఉబ్బి పైకి లేస్తుంది కదా, అదే లెక్క.

ఇబ్న్ సీనా జవాబ్ రాశాడు. ఇది ఖలా వల్ల కాదు, పీల్చినప్పుడు లోపల మిగిలిన గాలి వ్యాపిస్తుంది, నీటి చల్లదనం తగలగానే ముడుచుకుంటుంది, ఆ జాగాలోకి నీరు వస్తుంది అన్నాడు. ఈ జవాబ్ సరైనది కాదు. నీటిని పైకి నెట్టేది బయటి గాలి బరువు. "అంతా మనవాళ్లే కనిపెట్టారు" అనే మెసేజ్‌లు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటికన్నా ఈ సవాల్ జవాబే నాకు ఎక్కువ ఫక్ర్‌గా అనిపిస్తుంది. పెద్ద పేరును చూసి భయపడకుండా, సీసా చేతిలో పట్టుకుని అడిగిన సవాల్ అది. జవాబ్ పాతబడిపోయింది గానీ సవాల్ పాతబడలేదు.

1643లో ఇటలీలో టొరిచెల్లి పాదరసం గొట్టంతో గాలికి బరువుందని చూపించాడు. 1650 ప్రాంతంలో జర్మనీలో ఒట్టో ఫాన్ గెరికె గాలి తోడే పంపు చేశాడు. రెండు రాగి అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తోడేసి, రెండు పక్కలా గుర్రాలను కట్టి లాగించి చూపించాడు. బయటి గాలి ఎంత జోరుగా అదిమి పడుతుందో జనం కళ్లారా చూశారు.

ఇప్పుడు అమెరికాకు వెళ్దాం. అక్కడ లైగో అనే అబ్జర్వేటరీ ఉంది. ఒకటి హాన్‌ఫర్డ్‌లో, ఇంకొకటి లివింగ్‌స్టన్‌లో. ఒక్కోదానికి 4 కిలోమీటర్ల పొడవైన రెండు చేతులు. చేతి లోపల 1.2 మీటర్ల వెడల్పున్న స్టీల్ గొట్టం, రేకు మందం 3 మిల్లీమీటర్లే. అందులో లేజర్ కిరణం నడుస్తుంది. గాలి కణాలు అడ్డొస్తే ఆ కిరణం చెదురుతుంది. అందుకే ఒక అబ్జర్వేటరీలో దాదాపు 10,000 ఘనపు మీటర్ల జాగాను ఖాళీ చేయాలి, మామూలు గాలి పీడనంలో లక్ష కోట్లవ వంతు మిగిలేదాకా.

దీనికి 40 రోజులు పట్టింది. ఒక పూరా చిల్లా! స్టీల్‌లో దాక్కున్న గ్యాస్, తేమ బయటికి రావాలని గొట్టాలను 150 నుంచి 170 డిగ్రీల దాకా 30 రోజులు కాల్చారు. వెల్డింగ్ అతుకుల మీద బయటినుంచి హీలియం చల్లి, లోపల మెషిన్ పెట్టి లీక్ వెతుకుతారు. లోపల పెట్టే సామాను మీద వేలిముద్ర పడినా తంటాయే, చర్మం నూనె నుంచి కూడా ఆవిరి వస్తుంది. పనంతా సరిగ్గా జరిగితే చూపించడానికి ఏమీ ఉండదు. ఏమీ లేకపోవడమే వాళ్ల మెహనత్.

2015 సెప్టెంబర్ 14న ఆ ఖలాలో ప్రోటాన్ వెడల్పు కన్నా ఎన్నో రెట్లు చిన్న కదలిక దొరికింది. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు బ్లాక్ హోల్స్ ఢీకొన్న అల అది. 2017లో నోబెల్ ముగ్గురికి వచ్చింది: వైస్, బారిష్, థార్న్. ఆ కబురు చెప్పిన పేపర్ మీద వెయ్యికి పైగా పేర్లున్నాయి. అతుకు వేసిన వెల్డర్ పేరు మాత్రం మనకు తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మూడో లైగో మన పక్కనే రాబోతోంది. మహారాష్ట్రలోని హింగోలీ జిల్లా, ఔంఢా దగ్గర. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఇలాఖా అది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ 2,600 కోట్ల రూపాయలతో మంజూరు చేసింది. వ్యాక్యూమ్ బాధ్యత గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థది.

మన బస్తీల్లో ఏసీ మెకానిక్ బచ్చాలు ఎందరో. గ్యాస్ నింపే ముందు వాళ్లు పంపు పెట్టి పైపుల్లో గాలి, తేమ తోడేస్తారు. సబ్బు నురగతో లీక్ వెతుకుతారు. తోడే చోట ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో వాళ్లకు ఎవరూ చెప్పరు. "ఇదేదో చిల్లర పని" అని ఇంట్లో కూడా అంటాం. ఆ పిల్లాడు డిప్లొమాలో చేరతానంటే వద్దనకండి. వ్యాక్యూమ్ ఇంజినీర్ పని అక్కడినుంచి మరీ దూరం కాదు. కావలసిందల్లా పంపు నడిపే చేతికి బిరూనీ అడిగినట్టు "ఎందుకు" అని అడిగే ఆదత్. ఈ జుమేరాత్ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఆ సీసా సవాల్ మీ పిల్లల్ని అడిగి చూడండి. ఇబ్న్ సీనాకే తప్పింది, వాళ్లకు తప్పితే తిట్టకండి.